ఒంట్లో నీళ్ళు, చేలో చెమట

మూడేళ్ళ కిందట ఏప్రిల్ నెలలో మా ప్రాంతంలో ఒక మిరప చేలో జరిగిన సంగతి ఇది. ఇరవై రెండు మంది కోతకు దిగారు. ఆసామి పంపించింది ఇరవై లీటర్ల నీళ్ళ టిన్ను ఒక్కటి. పది గంటలకల్లా అది ఖాళీ అయింది. "అన్నాల వేళకి ఇంకో టిన్ను వస్తుంది, ఈలోగా చేతులాడించండి" అని కబురొచ్చింది. పన్నెండున్నరకి యాభై ఏళ్ళ కూలీ ఒకాయన సాలు మధ్యలో కూలబడ్డాడు. పిక్కలు పట్టేశాయి. కళ్ళు తేలేశాడు. పిలిస్తే పొంతన లేకుండా మాట్లాడాడు. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోతే, సెలైన్ సీసాలు ఎక్కించాక గాని మనిషి తెలివిలోకి రాలేదు. మూడోనాడు ఇంటికొచ్చాడు. ఆ రోజు కూలి సగం కోసి ఇచ్చారు. ఒక్కపూటే పని చేశాడట!

ఆ వారంలోనే రాత్రిపూట పేటలో మీటింగు పెట్టాం. "తాగటానికి నీళ్ళు లేక మనిషి పడిపోయాడు, దీనికి ఆసామిదే బాధ్యత" అని నేను గట్టిగా మాట్లాడాను. వెంటనే ఆయన భార్య లేచి అడిగింది: "అదేందన్నా, కూడు లేక పడిపోవటం చూశాం గానీ, రెండు గంటలు నీళ్ళు తాగకపోతే మనిషి పడిపోతాడా? నీళ్ళల్లో ఏం బలముంది?"

నా దగ్గర జవాబు లేదు. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. కూలిరేట్లు, చట్టాలు, భూమి లెక్కలు నేర్చుకున్నానుగాని, నా ఒంటి లెక్క నేనెన్నడూ చూసుకోలేదు. ఆ తర్వాత పుస్తకాలు తిరగేశాను, తెలిసిన డాక్టర్లను విసిగించాను. ఆమె అడిగిన ప్రశ్నకు ఇప్పటికి నాకు అర్థమైన జవాబు ఇది.

ఎన్ని బిందెలు మోస్తున్నాం?

అరవై కిలోల బరువున్న మగమనిషిని తీసుకోండి. ఆ అరవైలో ముప్ఫై ఆరు కిలోలు, అంటే నూటికి అరవై వంతులు, ఉత్త నీళ్ళే. ఇంట్లో మంచినీళ్ళు మోసే బిందెలతో కొలిస్తే రెండు బిందెలకు పైమాటే. ఆడవాళ్ళలో ఇది నూటికి యాభై, యాభై అయిదు ఉంటుంది. పుట్టిన పసిగుడ్డులో డెబ్బై అయిదు దాకా ఉంటుంది. వయసు ముదిరేకొద్దీ తగ్గిపోతుంది. ముసలివాళ్ళూ పసివాళ్ళూ ఎండకు ముందుగా వాలిపోవటానికి ఉన్న కారణాల్లో ఈ నీటి లెక్క కూడా ఒకటి.

ఈ నీళ్ళన్నీ రక్తంలో ఉన్నాయనుకుంటాం. కాదు. మన శరీరం కంటికి కనపడని కోట్లాది కణాలతో కట్టింది. ఉన్న నీళ్ళలో మూడింట రెండు వంతులు ఆ కణాల లోపలే ఉంటాయి. మిగిలిన వంతు కణాల చుట్టూ, రక్తంలో ఉంటుంది. కొడవలి పట్టే చేతి కండలో నూటికి డెబ్బై అయిదు వంతులు నీళ్ళే. ఆలోచించే మెదడులోనూ దాదాపు అంతే. రాయిలా ఉండే ఎముకలో కూడా అయిదో వంతుకు తక్కువ కాకుండా తేమ ఉంటుంది. కాబట్టి మనం నీళ్ళు తాగే మనుషులం మాత్రమే కాదు. చాలా మటుకు నీళ్ళతోనే తయారైన మనుషులం.

ఎండుగింజ చెప్పే పాఠం

ఇన్ని నీళ్ళు ఎందుకు? దీనికి జవాబు మన విత్తనాల మూటలోనే ఉంది.

ఎండబెట్టిన వడ్లలో పద్నాలుగు శాతం వరకే తేమ ఉంటే నెలల తరబడి నిలవ ఉంటాయి. ఆ గింజ చచ్చిపోలేదు, అలా అని బతుకుతున్నట్టూ కాదు. నిద్రపోతోంది. అదే గింజను నానబెట్టి మండె కట్టండి. రెండు మూడు రోజుల్లో ముక్కు పగిలి మొలక బయటికొస్తుంది. మనం దానికి ఎరువు వెయ్యలేదు, మట్టి కూడా చూపించలేదు. ఇచ్చింది నీళ్ళొక్కటే. గింజలో దాచుకున్న పిండి కరగాలన్నా, మొలకకు ఆహారంగా మారాలన్నా నీళ్ళలోనే జరగాలి. పొడిగా ఉన్నప్పుడు పక్కపక్కనే ఉన్నా ఒకదాన్నొకటి తాకలేని పదార్థాలు, నీళ్ళు రాగానే కదిలి కలుసుకుంటాయి.

మనిషి ఒంట్లో జరిగేదీ ఇదే. గింజకైతే నిద్రపోయే వీలుంది. మనిషికి ఆ వీలు లేదు. పడుకున్నా గుండె కొట్టుకోవాలి, ఊపిరాడాలి. అందుకే పద్నాలుగు శాతం తేమతో గింజ బతికినట్టు మనిషి బతకలేడు. మనం తిన్న అన్నం అరిగి చక్కెరగా మారేది నీళ్ళలో. ఆ చక్కెర కండలకు చేరేది రక్తంలోని నీళ్ళలో కరిగి. కండ దాన్ని ఖర్చుచేసి బలంగా మార్చేది కణంలోని నీళ్ళలో. మిగిలిన చెత్త బయటికి పోయేది కూడా నీళ్ళలోనే. ఉప్పునూ చక్కెరనూ కరిగించుకుని మోసుకుపోయే గుణం నీళ్ళకున్నంతగా ఇంకే మామూలు ద్రవానికీ లేదు.

మూత్రపిండాల సంగతి చూడండి. ఒంట్లో ఉన్న రక్తం నాలుగున్నర, అయిదు లీటర్లు. దాన్నుంచి మూత్రపిండాలు రోజు మొత్తం మీద నూట ఎనభై లీటర్ల నీటిని వడపోస్తాయి. అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలోకే పంపేసి, లీటరో లీటరున్నరో మాత్రం మూత్రంగా బయటికి వదులుతాయి. కాలువ నీళ్ళను ఒక్క చుక్క పోకుండా చివరి మడిదాకా పారించే నీరుగట్టు మనిషి కూడా ఇంత పొదుపుగా చెయ్యలేడు. అయితే ఎంత పొదుపు చేసినా, చెత్తను బయటికి పంపటానికి రోజుకు కనీసం అరలీటరు ఖర్చు కాక తప్పదు. ఊపిరిలోనూ, చర్మం మీదా మనకు తెలియకుండా పోయేది ముప్పాతిక లీటరు పైగా ఉంటుంది. ఈ నష్టం పూడ్చటానికి ఒంట్లో వేరే చెరువు లేదు. తిండి లేకపోతే ఒంట్లోని కొవ్వును కరిగించుకుని మనిషి వారాల తరబడి నిలబడతాడు. నీళ్ళు లేకపోతే కొద్ది రోజులే. వేసవిలో ఎండలో పనిచేస్తే అవి గంటల్లోకి దిగుతాయి.

చెమట ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక చేలోకి వద్దాం. కండ పని చేస్తున్నప్పుడు, అది ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతుకు మించి పనిగా మారదు. మిగిలిన మూడు వంతులూ వేడిగా ఒంట్లోనే పుడుతుంది. గట్టి పని చేసే మనిషి ఒంట్లో పుట్టే వేడి బయటికి పోయే దారి లేకపోతే, గంటలో నాలుగైదు డిగ్రీలు పెరిగిపోతుంది. మన ఒంటి వేడి ఉండాల్సింది 37 డిగ్రీలు. 40 దాటితే ప్రాణానికి ముప్పు.

ఇక్కడ నీళ్ళు రెండు విధాలుగా కాపాడతాయి. మొదటిది, నీళ్ళు ఒక పట్టాన వేడెక్కవు. కొడవలిని ఎండలో పారేస్తే కాసేపట్లో ముట్టుకోలేం. పక్కనే ఉన్న బిందెలో నీళ్ళు అంతగా కాగవు. బరువుకు బరువు చూస్తే ఇనుము కన్నా నీళ్ళను వేడి చెయ్యటానికి తొమ్మిది రెట్లు వేడి కావాలి. ఒంట్లో ఇన్ని నీళ్ళు ఉండబట్టే మనం కొడవలిలా కాలిపోవటం లేదు. రెండోది చెమట. ఒక లీటరు చెమట ఒంటి మీద ఆరితే, ఏడు లీటర్ల నీళ్ళను పొయ్యి మీద మరిగే దాకా తెచ్చేంత వేడిని తనతో తీసుకుపోతుంది. చెమట కారి నేలమీద పడితే ఈ లాభం లేదు, ఒంటి మీద ఆరాలి. గాలిలో తేమ నిండుగా ఉన్నప్పుడు, నాట్లు వేసే మడిలో, ఊపిరాడనట్టు ఉక్కపోసేది ఇందుకే. చెమట పోస్తుంది గాని ఆరదు.

ఎండలో బరువు పని చేసే మనిషికి గంటకు అరలీటరు నుంచి లీటరు దాకా చెమట పడుతుంది. ఎనిమిది గంటల పనిలో అయిదారు లీటర్లు. మన ఒంట్లో ఉన్న ముప్ఫై ఆరు లీటర్లలో ఆరో వంతు! ఈ నీళ్ళు గాలిలోంచి రాలేదు. మన రక్తం నుంచీ, కణాల నుంచీ తోడినవి. "చెమటోడ్చి పనిచేశాం" అని మనం ఉపన్యాసాల్లో అంటాం. అది అలంకారం కాదు, లీటర్లలో కొలిచే లెక్క.

తోడిన నీళ్ళు తిరిగి పొయ్యకపోతే ఏమవుతుంది? అరవై కిలోల మనిషికి లీటరుంపావు నీళ్ళు తగ్గేసరికే పని చేసే సత్తువ తగ్గుతుంది, చూపు పని మీద నిలవదు. మూడు లీటర్లు తగ్గితే తలనొప్పి, కళ్ళు తిరగటం. రక్తం చిక్కబడుతుంది, ఉన్న కాస్త రక్తంతో కండలకూ చర్మానికీ సరఫరా చెయ్యటానికి గుండె గబగబా కొట్టుకుంటుంది. ఇంకా తగ్గితే చెమటకు కూడా నీళ్ళు చాలవు. ఒంటి వేడి పట్టపగ్గాల్లేకుండా పెరుగుతుంది. అదే వడదెబ్బ. ఇరవై రెండు మందికి ఇరవై లీటర్లంటే తలకు లీటరు కూడా రాలేదు. ఆ చేలో మనిషి ఎందుకు పడిపోయాడో ఇప్పుడు లెక్క తేలింది గదా!

2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు పదిహేను వందల మందికి పైగా చనిపోయారని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. వాళ్ళు చల్లని గదుల్లో కూర్చున్నవాళ్ళు కాదు. ఎండన పడి పనికి పోయినవాళ్ళూ, నీడ దొరకని ముసలివాళ్ళూ చాలామంది.

నీళ్ళతో పాటు ఉప్పు

ఒక జాగ్రత్త చెప్పాలి. దాహం వేసినప్పుడు తాగుదాంలే అనుకోవద్దు. దాహం ఆలస్యంగా మేలుకుంటుంది. అది వేసేసరికే ఒంట్లో కొరత మొదలై ఉంటుంది. మూత్రం చిక్కటి పసుపురంగులో, మంటగా వస్తోందంటే నీళ్ళు చాలటం లేదని గుర్తు.

రెండో జాగ్రత్త. చెమట నాలుక్కి తగిలితే ఉప్పగా ఉంటుంది. నీళ్ళతో పాటు ఉప్పు కూడా పోతోందన్నమాట. రోజంతా చెమటోడ్చి ఉత్త నీళ్ళే కడుపు నిండా తాగితే రక్తంలో ఉప్పు పలచబడుతుంది. కండలు పట్టేస్తాయి. వందేళ్ళ నాడు ఇంగ్లండులో బొగ్గుగని కార్మికులకు ఇలాగే కండలు మెలితిరిగిపోతుంటే, తాగే నీళ్ళలో కాస్త ఉప్పు వేసుకుంటే తగ్గుతోందని అక్కడి శాస్త్రజ్ఞులు 1920 దశకంలో తేల్చారు.

మన పెద్దవాళ్ళకు శాస్త్రం తెలియకపోయినా అనుభవం తెలుసు. ఉప్పేసిన గంజి, తరవాణి, మజ్జిగ, అంబలి తాగి చేలోకి పోయేవాళ్ళు. అందులో నీళ్ళున్నాయి, ఉప్పుంది, పిండిపదార్థం ఉంది. పేగులో ఉప్పూ చక్కెరా ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గోడ దాటతాయి, వాటి వెంట నీళ్ళు రక్తంలోకి పోతాయి. ఈ చిన్న రహస్యం ఎన్ని ప్రాణాలు కాపాడిందో చూడండి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులకు పశ్చిమ బెంగాల్లో బన్‌గావ్ శిబిరంలో కలరా సోకింది. సెలైన్ నిలవలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, సోడా, గ్లూకోజు పొట్లాలు కట్టించి డ్రముల నీళ్ళలో కలిపి తాగించాడు. నూటికి ముప్ఫై మంది చచ్చిపోతున్నచోట చావులు నూటికి నాలుగుకు లోపు పడిపోయాయి. ఆయన 2022లో చనిపోయాక, 2023లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. ఈనాడు ఆరోగ్య ఉపకేంద్రంలో, అంగన్‌వాడీలో మనకిచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లం అదే దారిలో వచ్చింది. పొట్లం దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలకొట్టుగా కొలిచి వేసుకోండి. ఉప్పు ఎక్కువైతే మేలు చెయ్యకపోగా కీడు చేస్తుంది. రక్తపోటు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి తాగాలి.

నీళ్ళు తాగని ఆడకూలీలు

ఆ రాత్రి మీటింగులో ఇంకో సంగతి బయటపడింది. టిన్ను నిండా నీళ్ళున్న రోజు కూడా ఆడవాళ్ళు తాగటం లేదు. ఎందుకు? "తాగితే ఒంటికి పోవాలి గదన్నా. చుట్టూ బయలు. పత్తి చేలో అయితే చాటుంటుంది, మిరప చేలో ఎక్కడికి పోతాం? మేస్త్రి నిలబడి చూస్తుంటాడు" అన్నారు. తెల్లారి బయలుదేరిన మనిషి సాయంత్రం ఇంటికి చేరేదాకా గొంతు తడుపుకోవటమే గాని తాగటం లేదు. మూత్రంలో మంట, జ్వరం, నడుంనొప్పి, రాళ్ళు. ఇవన్నీ ఆడవాళ్ళకు మామూలే అనుకుంటున్నాం. మామూలు కాదు. చాటు లేక వచ్చిన జబ్బులు.

మగవాళ్ళం మనం ఇన్నేళ్ళుగా కూలిరేటు బేరమాడాంగాని, ఈ చాటు మాట ఒక్కసారి ఎత్తలేదు. ఇది మన సంఘాల లోపమే. ఒప్పుకోవాలి.

ఏళ్ళ తరబడి రోజూ ఇలా ఒళ్ళు ఎండబెట్టుకుంటే మూత్రపిండాలు దెబ్బతింటాయనటానికి మధ్య అమెరికా దేశాలే సాక్ష్యం. అక్కడ ఎల్ సాల్వడోర్, నికరాగువాల్లో చెరుకు నరికే కూలీలు, పడుచువాళ్ళు, షుగరు జబ్బు లేనివాళ్ళు, మూత్రపిండాలు చెడి వేలల్లో చనిపోయారు. ఎండలో గట్టిపని, నీళ్ళు చాలకపోవటం అందులో పెద్ద కారణమని పరిశోధకులు అంటున్నారు. "నీళ్ళు, విశ్రాంతి, నీడ" అనే మూడు మాటలు పట్టుకుని పని పద్ధతి మార్చినచోట ఆ జబ్బు తగ్గింది. మన శ్రీకాకుళం ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ళు కూల్చిందో మనకు తెలుసు. దాని కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. కాని అనుమానించిన కారణాల్లో ఎండలో పనీ, నీళ్ళ కొరతా కూడా ఉన్నాయి.

నీళ్ళ కోసం సమ్మె

కూలీలు నీళ్ళ కోసం పోరాడటం కొత్త కాదు. 1931 వేసవిలో అమెరికాలో హూవర్ డామ్ కడుతున్నప్పుడు ఎండ 48 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. వడదెబ్బకు పదిమందికి పైగా చనిపోయారు. ఆగస్టులో కార్మికులు సమ్మె కట్టారు. వాళ్ళ కోర్కెల్లో కూలితో పాటు పనిచోట చల్లని నీళ్ళూ, మంచి మరుగుదొడ్లూ ఉన్నాయి. నీళ్ళూ, చాటూ రెండూ ఒకే కాగితం మీద రాశారు. కంపెనీ సమ్మెను విరిచేసింది. అయినా ఆ తర్వాత వసతులు కొంత మెరుగుపరచక తప్పలేదు. మరుసటి ఏడు శాస్త్రజ్ఞులు అక్కడికి వచ్చి కార్మికుల చెమటా మూత్రమూ పరీక్షించి, ఉప్పు ఎంత అవసరమో చెప్పారు. 2005లో కాలిఫోర్నియా రాష్ట్రంలో, వ్యవసాయ కార్మికుల చావుల తర్వాత, గంటకు మనిషికి దాదాపు లీటరు చొప్పున మంచినీళ్ళూ, నీడా యజమానే ఇవ్వాలని నిబంధన తెచ్చారు.

మన దేశంలో నీళ్ళ పోరాటం ఇంకా లోతైంది. 1927 మార్చి 20న మహద్ చెరువులో దోసెడు నీళ్ళు తాగటానికి అంబేద్కర్ వేలమందిని నడిపించాల్సి వచ్చింది. 1985లో కారంచేడులో ఆరుగురు దళితుల ప్రాణాలు తీసిన దాడికి ముందు గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గరే. చేలో దప్పికకు ఎత్తు నుంచి దోసిట్లో పోస్తే తాగిన తరం మన ఇళ్ళల్లో ఇంకా బతికే ఉంది. అందరి ఒంట్లోనూ ఉన్నవి అవే నీళ్ళు, అదే ఉప్పు. అయినా కొందరి దాహాన్ని దాహం కింద లెక్కపెట్టలేదు. ఈనాటికీ కూలీలకు వేరే గ్లాసు, పురుగుమందు కడిగిన డబ్బాలో నీళ్ళు తెచ్చే ఆసామి కనపడుతూనే ఉన్నాడు. ఎన్నిసార్లు కడిగినా ఆ డబ్బా నీళ్ళు తాగవద్దు, మన పిల్లల్ని తాగనివ్వవద్దు.

బేరంలో నీళ్ళ మాట

2005 నాటి ఉపాధి హామీ చట్టంలో పనిచోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స ఉండాలని రాయించుకున్నాం. కాగితం మీద వచ్చింది మట్టి పని దగ్గరికి రావటానికి ఎన్ని ధర్నాలు చేశామో మీకు తెలుసు. ప్రైవేటు చేలో ఆ కాగితం కూడా లేదు. అక్కడ మన ఐక్యతే చట్టం.

కాబట్టి ఈ ఏడు కోతల ముందు కూలిరేటు మాట్లాడేటప్పుడే నీళ్ళ మాట కూడా మాట్లాడండి. ఎండాకాలం గంటకు మనిషికి లీటరుకు దగ్గరగా మంచినీళ్ళు చేలోకి చేరాలి. అరగంటకో, ఇరవై నిమిషాలకో సాలు చివర గ్లాసు నీళ్ళు తాగితే దాన్ని పని ఎగ్గొట్టటం అనకూడదు. నాలుగు కర్రలు పాతి పట్టా కట్టిన నీడ ఒకటి, నాలుగు గోనెపట్టాలతో ఆడవాళ్ళకు చాటు ఒకటి ఉండాలి. మిట్టమధ్యాహ్నం పని ఆపి పొద్దున్నే మొదలుపెట్టాలి. పడిపోయిన మనిషికి ఆ పూట కూలి కొయ్యకూడదు. ఎకరం, రెండెకరాల కౌలు రైతు మన పక్కనే నడుం వంచి మనతో పాటే చెమటోడుస్తాడు. అతనితో కూర్చుని సర్దుకుందాం, టిన్ను మోయటంలో సాయం పడదాం. పదుల ఎకరాల ఆసామికి నాలుగు టిన్నుల నీళ్ళు భారం కాదు.

ఎవరైనా పడిపోతే గుంపుగా మూగవద్దు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసరండి. తెలివిలో ఉంటేనే నీళ్ళు తాగించండి, తెలివి లేనివాడి నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మాట తడబడినా, ఒళ్ళు కాలిపోతున్నా 108కి ఫోను చెయ్యండి. వాహనం వచ్చేదాకా తడపటం ఆపవద్దు.

మొన్న ఆ చెల్లెలు మళ్ళీ మీటింగులో కనపడింది. ఇదంతా చెప్పాను. మనిషి ఒంట్లో రెండు బిందెల నీళ్ళుంటాయనీ, రోజు పనిలో అందులో ఆరో వంతు చేలో పోసి వస్తామనీ అన్నాను. కాసేపు ఆలోచించి ఆమె ఇలా అంది: "అయితే అన్నా, ఆసామి మనకు నీళ్ళిస్తే ధర్మం చేసినట్టు కాదన్నమాట. మన దగ్గర తీసుకున్నవే తిరిగిస్తున్నట్టు."

ఇంత చదివి నేను చెప్పలేకపోయిన మాట ఆమె ఒక్క ముక్కలో చెప్పింది. ఈ ఏడు కూలి బేరానికి ఆమెనే ముందు కూర్చోబెడుతున్నాం.